జర్మనీలో పిల్లలు ఎవరి మధ్య బతుకుతారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ చదువుల పేజీలో జర్మనీ గురించి తరచూ వస్తోంది. మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చేస్తూ నేనూ అవి ఫోన్లో చదువుతుంటాను, ఒంగోలులో మా చుట్టాల పిల్లలకి పంపిస్తుంటాను కూడా. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదని, బ్లాక్డ్ అకౌంట్లో, అంటే ఏడాది ఖర్చులకి ముందే జమచేసి నెలనెలా కొంత తీసుకునే ఖాతాలో, 11,904 యూరోలు చూపించాలని, 2022 నవంబరు నుంచి మన చదువు కాగితాలు అసలువేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ లేనిదే వీసాకి వెళ్ళలేమని, ఏడాదికి 140 రోజులు పని చేసుకోవచ్చని, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారని రాస్తున్నారు. అన్నీ పనికొచ్చేవే. కానీ వచ్చిన పిల్లలు ఆ రెండు మూడేళ్ళూ ఎవరి మధ్య బతుకుతారు, ఎవరితో వంటగది పంచుకుంటారు, క్లాసులో పక్కన ఎవరు కూర్చుంటారు, ఊళ్ళోవాళ్ళు వీళ్ళని ఎలా చూస్తారు, వీళ్ళు ఊళ్ళోవాళ్ళని ఎలా చూస్తారు అన్నది ఒక్కరూ రాయరు. నన్నడిగితే ఇక్కడి చదువులో సగం అదే, ఆ సగానికి మన పిల్లలు ఏమాత్రం సిద్ధపడి రావడం లేదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైంది, వీలైతే కోయకుండా వేయండి.

మాగ్డెబర్గ్ పేరు మన దగ్గర చాలామంది విని ఉండరు. బెర్లిన్‌కి పడమరగా రైల్లో గంటన్నర పైచిలుకు, ఎల్బే నది ఒడ్డున, రెండున్నర లక్షల లోపు జనాభా ఉన్న ఊరు. ఒకప్పటి తూర్పు జర్మనీలోది. రెండు అర్ధగోళాలు దగ్గర పెట్టి లోపల గాలి తీసేస్తే గుర్రాలు కూడా లాగలేకపోయాయని ఫిజిక్స్‌లో చదువుకుంటాం కదా, ఆ ప్రయోగం చేసిన ఒట్టో ఫాన్ గెరికె ఈ ఊరి మేయరే, మా యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. ఇక్కడ విద్యార్థుల్లో దాదాపు మూడో వంతు విదేశీయులు, వాళ్ళలో మన దేశం వాళ్ళం చాలామందిమి ఉన్నాం. జర్మనీ మొత్తం మీద 2024-25 శీతకాలం సెమిస్టర్‌కి భారతీయ విద్యార్థులు 60 వేలకు దగ్గరయ్యారు, చైనావాళ్ళని దాటేశారు. మా ఊళ్ళో యూనివర్సిటీ వైపు వెళ్ళే ట్రామ్ ఎక్కితే తెలుగు వినపడని రోజు ఉండదు.

సరే, అసలు సంగతికి వస్తాను. మా వోన్‌హైమ్‌లో, అంటే స్టూడెంట్ హాస్టల్లో, ఒక్కో ఫ్లాట్‌కి నలుగురం. ఎవరి గది వాళ్ళది, వంటగదీ బాత్రూమూ ఉమ్మడి. ఫ్రిజ్‌లో తలా ఒక అర, గోడ మీద ఈ వారం శుభ్రం చేసే వంతు ఎవరిదో రాసిన కాగితం, చెత్తకి వేర్వేరు డబ్బాలు. నాతో పాటు కామెరూన్ ఉత్తర ప్రాంతం నుంచి వచ్చిన ఒక అమ్మాయి, సిరియాలో పుట్టిన ఒక అమ్మాయి, ఇక్కడికి ఉత్తరాన ఆల్ట్‌మార్క్ అనే ప్రాంతంలోని పల్లెటూరి జర్మన్ అమ్మాయి. ఈ ముగ్గురితో ఒకే స్టవ్ దగ్గర వండుకుంటూ నేను నేర్చుకున్నది ఏ సెమినార్‌లోనూ దొరికేది కాదు.

మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా ఒకరోజు బల్ల మీద ఉంటే కామెరూన్ అమ్మాయి మూత తీసి వాసన చూసి, కొంచెం నాలిక మీద వేసుకుని, ఇది మా ఇంట్లో వండే ఆకే కదా అంది. నేను నమ్మలేదు. ఫోన్ తీసి వాళ్ళ ఊరి సంతలో తీసిన ఫోటో చూపించింది: ఎర్ర కాడలతో అచ్చం మన కొండగోంగూర కట్టలు. వాళ్ళు దాన్ని ఫోలేరే అంటారట, వేరుశనగ ముద్ద వేసి కూరలా వండుతారు, పూలు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి దళసరి తొడిమలతో షర్బత్ చేసుకుంటారు. పచ్చడిని మాత్రం, ఇంత నూనె, ఇంత ఉప్పు ఏంటి అని తిట్టుకుంటూనే సగం సీసా తినేసింది. ఆ అమ్మాయి ఫుల్ఫుల్డే, ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్ నాలుగూ ధారాళంగా మాట్లాడుతుంది, ప్రాసెస్ ఇంజనీరింగ్ చదువుతోంది, లెక్కల్లో మా ఫ్లాట్‌లో ఎవరికి సందేహం వచ్చినా తన గది తలుపే కొడతాం.

సిరియా అమ్మాయి 2015లో, ఇంకా బడికెళ్ళే వయసులో, అమ్మానాన్నలతో వచ్చింది. ఆ ఏడాది జర్మనీకి ఎనిమిది తొమ్మిది లక్షల మంది శరణార్థులు వచ్చారు. ఇక్కడే స్కూలు పూర్తిచేసి ఇప్పుడు మెడిసిన్ చదువుతోంది. రంజాన్ నెలలో సాయంత్రం వంటగదిలో పప్పు సూపు, ఖర్జూరాలు పెట్టి అందరినీ పిలుస్తుంది, ఉపవాసం తనదే అయినా ఆకలితో కాచుక్కూర్చునేది మేం ముగ్గురం. 2024 డిసెంబరు 8న అసద్ ప్రభుత్వం కూలిపోయింది. ఆ రాత్రి తను ఏడ్చి నవ్వి ఫోన్లో చుట్టాలందరితో మాట్లాడి నిద్రపోలేదు. మర్నాడే సిరియన్ల శరణార్థి దరఖాస్తుల మీద నిర్ణయాలు ఆపేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది, ఇక వీళ్ళని వెనక్కి పంపుదాం అని టీవీలో నాయకులు మొదలుపెట్టారు. ఇక్కడి ఆసుపత్రులు నడుస్తున్నదే విదేశీ డాక్టర్లతో, వాళ్ళలో సిరియన్లు ఎంతమందో! తను ఏమీ అనలేదు. అనాటమీ పుస్తకం ముందేసుకుని వంటగదిలోనే కూర్చుంది, గదిలో ఒంటరిగా ఉండాలనిపించలేదట.

ఇక జర్మన్ అమ్మాయి. మన పిల్లలకి జర్మన్లంటే అందరూ ఒకటే, అందరూ డబ్బున్నవాళ్ళే. ఈ అమ్మాయి ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. 1990లో రెండు జర్మనీలు కలిశాక తూర్పు వైపు ఫ్యాక్టరీలు వరసగా మూతబడ్డాయి. వాళ్ళ నాన్నకి అప్పుడు పోయిన ఉద్యోగం మళ్ళీ ఆ స్థాయిలో దొరకలేదు, లారీ నడిపారు. తను బాఫెగ్ అనే ప్రభుత్వ సాయంతో చదువుతోంది, అందులో సగం గ్రాంటు, సగం వడ్డీ లేని అప్పు, ఎంత తీసుకున్నా తిరిగి కట్టాల్సింది 10,010 యూరోలకు మించదు. పడమటి వైపు ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే తన మాట తీరు విని ఆఫీసులో నవ్వారట. శ్రీకాకుళం పిల్ల హైదరాబాదులో నోరు విప్పితే నవ్వినట్టే. ఈ మాట తను చెప్పేదాకా జర్మనీ లోపల కూడా ఇలాంటి గోడ ఉందని నాకు తోచలేదు. డైవర్సిటీ అనగానే యూనివర్సిటీ బ్రోచర్లో తలో రంగు ముఖాలు నవ్వుతూ ఉన్న ఫోటో వేస్తారు, ఈ అమ్మాయి ఆ ఫోటోలో ఎక్కడా కనిపించదు, కానీ మా ఫ్లాట్‌లో నాకు ఎక్కువ తెలియని లోకం ఆమెదే.

క్లాసు గురించి ఎక్కువ చెప్పను, అది ఎలాగూ అలవాటవుతుంది. లెక్చర్ అయిపోగానే అందరూ చప్పట్లకి బదులు వేళ్ళ కణుపులతో బల్ల మీద టకటకా కొడతారు, మొదటిసారి వింటే గుండె ఝల్లుమంటుంది. హాజరు చాలా కోర్సుల్లో తీసుకోరు. 1.0 అంటే అన్నిటికన్నా మంచి మార్కు, 4.0 దాటితే ఫెయిల్, ఒకే పేపరు మూడుసార్లు తప్పితే సాధారణంగా ఆ కోర్సు నుంచే పంపించేస్తారు, ఈ మూడోసారి పరీక్ష టెన్షన్‌లో ఉన్న మనవాళ్ళని చూస్తే జాలేస్తుంది. కొన్ని క్లాసుల్లో ముందు వరసలో తెల్లజుట్టు పెద్దవాళ్ళు కూర్చుంటారు, యాభై దాటినవాళ్ళు వచ్చి చదువుకోవడానికి యూనివర్సిటీలో ప్రత్యేకంగా ఏర్పాటుంది. గ్రూపు ప్రాజెక్టులో మాత్రం మన పిల్లలు దెబ్బతింటారు. ఇక్కడివాళ్ళు నీ పద్ధతి తప్పు అని ముఖం మీదే చెప్తారు, అరగంట తర్వాత అదే మనిషి కాఫీకి రమ్మంటాడు. మనవాళ్ళు మొదటి మాటకే ముడుచుకుపోయి, తర్వాతి సెమిస్టర్ నుంచి నలుగురు తెలుగువాళ్ళే ఒక గ్రూపు కడతారు. ఎందుకొచ్చిన గొడవ అని.

నా బాధంతా ఇక్కడే. తెలుగు గ్రూపు చేసే మేలు నేను కాదనను. ముక్కూమొహం తెలియని అమ్మాయిని అర్ధరాత్రి స్టేషన్‌కి వచ్చి తీసుకెళ్ళేది వాళ్ళే, గది దొరికేదాకా తమ గదిలో పరుపు వేసేది వాళ్ళే, జ్వరం వస్తే చారన్నం తెచ్చిపెట్టేది వాళ్ళే. నాకూ చేశారు, ఎప్పటికీ మరిచిపోను. కానీ ఆ మేలు మొదటి నెలకి సరిపోవాలి. చదువంతా అక్కడే గడిపేస్తున్నారు. అదే గదులు, అదే బిర్యానీ, ఆదివారం క్రికెట్, రాత్రి తెలుగు సినిమా. కొందరికి చదువైపోయే నాటికి ఒక్క జర్మన్ ఇంట్లో కూడా అడుగుపెట్టిన అనుభవం ఉండదు, బేకరీలో రొట్టె అడగడానికి వేలు చూపిస్తారు. తర్వాత ఉద్యోగాల వేటలో, జర్మన్ రాదని ఇంటర్వ్యూకే పిలవడం లేదని కుంగిపోతారు. కోర్సు ఇంగ్లీషులోనే కాబట్టి భాష అక్కర్లేదని హైదరాబాదులో చెప్పి పంపిన ఏజెంటు అప్పటికి ఫోన్ ఎత్తడు. ఇదే ఊళ్ళో ఇంటెల్ చిప్ ఫ్యాక్టరీ వస్తోంది, ఉద్యోగాలే ఉద్యోగాలు అని కూడా కొందరికి చెప్పారు. 2022లో ప్రకటించిన ఆ ఫ్యాక్టరీని ఇంటెల్ 2025 జులైలో రద్దు చేసుకుంది. ఆ మాట నమ్ముకుని అప్పు చేసి వచ్చినవాళ్ళు మా మధ్యే ఉన్నారు.

ఇంకో మాట రాస్తే కొందరికి కోపం వస్తుంది, అయినా రాస్తాను. మనం వివక్షకి గురవుతున్నామని చెప్పుకునే ముందు మన గదుల్లో ఏం మాట్లాడుకుంటున్నామో చూసుకోవాలి. ఫ్లాట్‌లో ఆఫ్రికా అమ్మాయి ఉందని తెలియగానే, గది మార్చుకో, వాళ్ళతో జాగ్రత్త అని నాకు చెప్పినవాళ్ళు ఒకరిద్దరు కాదు, అందులో ఇంజనీరింగ్ గోల్డ్ మెడలిస్టులు ఉన్నారు. సిరియా అమ్మాయి పెట్టింది తినొద్దని ఒకావిడ ఇండియా నుంచి ఫోన్ చేసి మరీ చెప్పింది. వాళ్ళిద్దరితో ఒక్కసారి కూడా మాట్లాడనివాళ్ళే ఇవన్నీ చెప్పేది.

ఇక కులం. గది షేరింగ్‌కి అడిగితే ముందు ఇంటిపేరు, తర్వాత ఏ ఊరు, ఆ ఊళ్ళో ఎటువైపు, ఇదీ వరస. వెజ్ ఓన్లీ అని పెట్టే మెసేజీల్లో కొన్ని నిజంగా తిండి గురించే, కొన్ని కాదు, చదివేవాళ్ళకి తేడా తెలుస్తుంది. మాకు తెలిసిన ఒకబ్బాయి కులం తెలిశాక అతను కడిగిన గిన్నెలు మళ్ళీ కడగడం మొదలుపెట్టారు గదిలోవాళ్ళు. అతను ఎవరికీ చెప్పకుండా నెలాఖరుకి ఊరి చివర వేరే గదికి మారిపోయాడు, ఆ తర్వాత తెలుగువాళ్ళ ఏ పండగకీ రాలేదు. ఉగాది రోజున అందరం స్టేజి ఎక్కి ఫోటో దిగాం, అతను లేడని ఎవరూ అడగలేదు. అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష నిషేధ నియమాల్లో కులాన్ని చేర్చాయి, సియాటిల్ నగరం 2023లో ఏకంగా చట్టమే చేసింది. ఎవరి వల్ల చేయాల్సి వచ్చిందో ఆలోచించండి. జర్మనీలో 2006 నాటి సమానత్వ చట్టంలో జాతి, మతం, లింగం, వయసు, వైకల్యం వంటివి ఉన్నాయి, కులం లేదు. ఆ అబ్బాయి యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళి చెప్పినా ముందు కులమంటే ఏమిటో వివరించడానికే గంట పట్టేది.

అలాగని ఈ ఊరు మనల్ని చేతులు చాచి పిలుస్తోందని కూడా రాయను. 2024 డిసెంబరు 20 సాయంత్రం క్రిస్మస్ సంత మీదికి ఒకడు కారు తోలాడు. ఆరుగురు చనిపోయారు, అందులో తొమ్మిదేళ్ళ పిల్లాడు ఉన్నాడు. మూడొందల మందికి పైగా గాయపడ్డారు, వాళ్ళలో భారతీయులూ ఉన్నారు. నడిపినవాడు సౌదీ నుంచి 2006లో జర్మనీకి వచ్చి డాక్టరుగా పనిచేస్తున్నవాడు, ఇస్లాం మీద ద్వేషంతో ఏళ్ళ తరబడి రాసినవాడు. కానీ ఇవన్నీ ఎవరు వింటారు? మర్నాటి నుంచి గోధుమ రంగు చర్మం ఉన్న ప్రతివాళ్ళూ అనుమానితులే. సిరియా అమ్మాయి అప్పట్లో హిజాబ్ మీద టోపీ పెట్టుకుని కాలేజీకి వెళ్ళేది. రెండు నెలల తర్వాత జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో వలసదారుల్ని పంపేయాలనే ఏఎఫ్‌డీ పార్టీకి మా రాష్ట్రంలో 37 శాతం ఓట్లొచ్చాయి. అంటే నేను రోజూ చూసే ముగ్గురిలో ఒకరికి మించి.

ఆ రోజుల్లోనే ట్రామ్‌లో ఒకతను నా మీద అరిచాడు. మీ దేశానికి పో అన్నదాకా అర్థమైంది, తర్వాతి బూతులు అర్థం కాలేదు. ట్రామ్ నిండా మనుషులున్నారు, అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. వాడి అరుపుల కంటే అదే నాకు ఎక్కువ బాధేసింది. ఇంటికొచ్చి చెప్తే ఆల్ట్‌మార్క్ అమ్మాయి వదల్లేదు, కోటు తొడుక్కుని నన్ను పోలీస్ స్టేషన్‌కి లాక్కెళ్ళింది, నేను చెప్పిన ప్రతి మాటా జర్మన్‌లో రాయించింది, తప్పు రాస్తే మళ్ళీ రాయించింది. కొన్ని వారాలకి ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, మనిషెవరో తేలలేదు కాబట్టి కేసు మూసేస్తున్నాం అని. ఏమీ జరగలేదు అనుకోవచ్చు. కానీ అది లెక్కల్లోకి ఎక్కింది, రేపు ఈ ఊళ్ళో అలాంటివేమీ జరగడం లేదని ఎవరైనా అంటే చూపించడానికి ఒక కాగితం ఉంది. మన పిల్లల్లో చాలామంది వీసాకి ఇబ్బందని భయపడి ఫిర్యాదే చేయరు. బాధితుడిగా ఫిర్యాదు చేసినందుకు వీసా పోదు. మా రాష్ట్రంలో మొబిలే ఓప్ఫర్‌బెరాటుంగ్ అనే సంస్థ ఉంది, ఇలాంటి దాడులు జరిగినవాళ్ళకి డబ్బు తీసుకోకుండా సాయం చేస్తుంది, లాయర్ని చూపిస్తుంది, స్టేషన్‌కి తోడొస్తుంది. పోలీసుకి 110, అంబులెన్సుకి 112. దయచేసి ఈ నాలుగు వాక్యాలైనా మీ చదువుల పేజీలో వేయండి.

ఈ ఊరికి ఇది కొత్త కూడా కాదు. 1994 మే 12న పట్టపగలు ఒక గుంపు ఆఫ్రికా వాళ్ళని నడిబజార్లో తరిమి తరిమి కొట్టింది. అదే ఊళ్ళో, ఆ బజారుకి నడిచి వెళ్ళేంత దూరంలో, పెద్ద చర్చి ఉంది. దాని లోపల సెయింట్ మారిస్ విగ్రహం నిలబడి ఉంటుంది, సుమారు 1240 నాటిది. ఇనుప కవచం తొడుక్కున్న నల్లజాతి యోధుడు, ముక్కూ పెదవులూ చూస్తే శిల్పి ఎదురుగా మనిషిని నిలబెట్టి చెక్కాడా అనిపిస్తుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఈ ఊరు తన పెద్ద గుడికి ఒక ఆఫ్రికన్‌ని కాపుగా పెట్టుకుంది. కామెరూన్ అమ్మాయిని తీసుకెళ్ళి చూపిస్తే చాలాసేపు అక్కడే నిలబడిపోయింది, బయటికొచ్చాక వాళ్ళ నాన్నకి వీడియో కాల్ చేసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. మనవాళ్ళు ఆ చర్చి ముందు సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు.

నాకు ఈ ఊరి గురించి ఎక్కువ చెప్పింది ప్రొఫెసర్లు కాదు, మేం కొత్తిమీర, పచ్చిమిర్చి, బియ్యం కొనుక్కునే ఆసియా షాపు ఆంటీ. వియత్నాం ఆవిడ. షాపులో అందరూ ఇంగ్లీషులో ధర అడిగి వెళ్ళిపోతారు, ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం. నాకు కాస్త జర్మన్ వచ్చాక ఒక మంచు కురిసే రోజు షాపు ఖాళీగా ఉంటే కూర్చోబెట్టి టీ పోసి చెప్పింది. 1980లలో తూర్పు జర్మనీ ప్రభుత్వం వియత్నాం, మొజాంబిక్, క్యూబా, అంగోలాల నుంచి ఒప్పందం మీద కూలీలని తెచ్చుకుంది. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి వచ్చింది. హాస్టల్లో ఉంచారు, జర్మన్లతో కలవనిచ్చేవాళ్ళు కాదు, ఆడపిల్లకి గర్భం వస్తే తీయించుకోవాలి లేదా తిరుగు విమానం ఎక్కాలి. బెర్లిన్ గోడ కూలి రెండు జర్మనీలు కలిశాక ఫ్యాక్టరీలు మూతబడితే మొదట రోడ్డున పడింది వీళ్ళే. ఆవిడ ముందు వీధిలో పూలు అమ్మి, తర్వాత ఈ షాపు పెట్టి, ఇద్దరు పిల్లల్ని చదివించింది. మొజాంబిక్ వాళ్ళది ఇంకా అన్యాయం, మీ జీతంలో కొంత పట్టుకుని మీ దేశంలో ఇస్తామని చెప్పి కోత కోశారు, ఆ డబ్బు అందలేదని వాళ్ళు తమ రాజధాని మపూటోలో ఏళ్ళ తరబడి వీధుల్లో నిరసన చేస్తూనే ఉన్నారు. అవన్నీ చెప్పి ఆవిడ నన్నడిగింది, మిమ్మల్ని ఇప్పుడు ఎవరూ హాస్టల్లో పెట్టి తాళం వేయలేదు కదా, మరి మీరెందుకు మీ గదుల్లోంచి బయటికి రారు అని. నా దగ్గర జవాబు లేదు. మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే రాయమనండి.

తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒక్కటే. వీడియో కాల్లో తిన్నావా, పార్ట్‌టైమ్ దొరికిందా, మార్కులెన్ని అని అడుగుతారు, అడగండి. దాంతోపాటు ఎవరితో తిన్నావు అని కూడా అడగండి. మూడు నెలలైనా తెలుగు పేర్లే చెప్తుంటే కొంచెం తొయ్యండి. పక్క గదిలో ఉన్న అమ్మాయిని ఒకసారి ఫోన్లో చూపించమనండి, నమస్తే చెప్పండి. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, కామెరూన్ అమ్మాయికి తెలుగు రాదు, ఇద్దరూ చింతపండు ఎంత వేయాలో చేతులతో చూపించుకుంటూ పావుగంట మాట్లాడుకుంటారు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. ఊళ్ళో తెలుగువాళ్ళుంటే మనసు కుదుటపడుతుందని వాళ్ళకి ఉంటుంది. కానీ ఆపద వచ్చిన రోజు పోలీస్ స్టేషన్లో నా తరఫున మాట్లాడింది మనవాళ్ళు కాదు, ఆ పల్లెటూరి జర్మన్ పిల్ల.

ఇంజనీరింగ్ కాలేజీలకి కూడా ఒక మాట. జీఆర్ఈ కోచింగుకి, ఐఈఎల్‌టీఎస్‌కి గదులు ఇస్తారు. జర్మనీ వెళ్తామనే పిల్లలకి ఫైనలియర్‌లోనే ఏ1, ఏ2 (మొదటి రెండు స్థాయిల) జర్మన్ క్లాసులు పెట్టించడం ఎంత పని? హైదరాబాదులో నేర్పేవాళ్ళు ఉన్నారు, ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. ఇక్కడికొచ్చాక ల్యాబు, పార్ట్‌టైమ్, థీసిస్ మధ్యలో నేర్చుకుంటామనుకునేవాళ్ళలో ఎక్కువమంది నేర్చుకోరు, కళ్ళారా చూస్తున్నాను. ఏ2 వచ్చి దిగినవాళ్ళకి మొదటి వారం నుంచే పక్కవాళ్ళు పేరు పెట్టి పలకరిస్తారు, ఆ తేడా చూసినవాళ్ళకే తెలుస్తుంది.

మీకు నా విన్నపం. విదేశాల్లో మన విద్యార్థి చనిపోతే మొదటి పేజీలో వేస్తారు, కోటి ప్యాకేజీ వస్తే మొదటి పేజీలో వేస్తారు. ఈ రెండింటికీ మధ్య లక్షలమంది మామూలుగా బతుకుతున్నారు. వాళ్ళ చేత రాయించండి. మాగ్డెబర్గ్, కెమ్నిట్జ్, మెల్‌బోర్న్, డాలస్, ఎక్కడైనా సరే, పక్క గదిలో ఎవరున్నారు, ఏం వండుకున్నారు, ఎక్కడ గొడవ పడ్డారు, ఎవరు సాయం వచ్చారు, మనవాళ్ళే ఎక్కడ అన్యాయం చేశారు, అన్నీ. గిన్నెలు మళ్ళీ కడిగిన ఆ గది గురించి ఆ అబ్బాయే రాయగలడు, పేరు బయటపెట్టబోమని మీరు హామీ ఇస్తే రాస్తాడేమో అడుగుతాను. ఇక్కడ శీతకాలం సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది, వీసాలు ఆగస్టు, సెప్టెంబరుల్లో చేతికొస్తాయి, ఆలోగా వేస్తే ఈసారి విమానం ఎక్కేవాళ్ళకి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక విద్యార్థిని, మాగ్డెబర్గ్, జర్మనీ
(స్వస్థలం ఒంగోలు)